జంతుకథలలోని రాజనీతి

నక్క, ఎద్దు, సింహము, కప్ప అనగానే అవి పసిపిల్లల కథలని మనలో పెక్కుమంది తలంతురు. రాత్రి భోజనములైన పిమ్మట పిల్లలను నిద్రపుచ్చుటకు వానిని చెప్పి, తెల్లవారుసరికి మరచిపోవుదుము. కాని యీ కథలు మొదట చెప్పబడినది రాజకుమారులకు. పాటలీపుత్రము నేలు సుదర్శనుడను రాజు తన కొడుకులు చదువుసంధ్యలు లేక చెడిపోవుచున్నారని వగచి వారిని విష్ణుశర్మ చేతిలో బెట్టెననియు, ఆయన కథలు చెప్పియే వారిని నీతివేత్తలను గావించెననియు నారాయణపండితుని హితోపదేశము చెప్పుచున్నది. ఆ మార్గముననే మన పరవస్తు చిన్నయసూరిగారు 1853వ సంవత్సరమున నీతిచంద్రికను ప్రకటించి మిత్రలాభ మిత్రభేదములను తెలుగువారి యింటింటి సొత్తు గావించిరి. తరములుగా బడిపిల్ల లా గ్రంథమును చదివిరి. పదములకు అర్థములు వల్లించిరి, సంధులు విడదీసిరి, సమాసములకు విగ్రహవాక్యములు చెప్పిరి. రాజెట్లు చెడునో, కొలువెట్లు క్రుళ్లునో చెప్పు భాగము మాత్రము పరీక్షలో రాలేదు గనుక ఎవరికిని పట్టలేదు.

మేము బడికి బోయి చదివినవారము గాము. మా తండ్రిగారు ఇంటనే కూర్చుండబెట్టి నీతిచంద్రికయు, పిదప హితోపదేశమును, తిక్కనగారి భారతమును చదివించిరి. ఉపాధ్యాయుని యింటికి కాపురమునకు వచ్చిన పిమ్మటను ఆ గ్రంథములను విడువలేదు. మరల మరల చదువగా మాకొక సంగతి తోచినది. ఈ కథలలో రాజ్యము చెడుట యుద్ధభూమిలో మొదలుకాదు. నిన్న దెచ్చిన మాంసమేమైనది, ప్రొద్దున బితికిన పాలేమైనవి అను ప్రశ్నకు బదులు చెప్పువారు లేకపోవుటతో మొదలగును. ఈ ప్రశ్న మన ప్రశ్న. కొట్టుగది తాళము కొంగున గట్టుకొన్న ప్రతి యిల్లాలును దినమునకు నాలుగుసార్లు వేసికొను ప్రశ్న. కావున రాజనీతి మగవారికే గాని మనకేలయని మన సోదరీమణులు పుస్తకము మూసివేయుట న్యాయము కాదని మా మనవి.

మృగములచేత మాటలాడింప నేల, ఉన్నమాట యున్నట్లు చెప్పరాదా యని కొంద రడుగుదురు. చెప్పరానిచోటనే యీ కథలు పుట్టినవి. గ్రీకుదేశపు ఈసపు బానిసయని ప్రసిద్ధి. రోమునగరమున ఫీడ్రసు అను కవి యుండెను. ఆయనయు మొదట బానిసగా నుండి విడుదల పొందినవాడే. బానిస తన మనసులోని మాటను పైకి చెప్పజాలక కథల మాటున దాచెననియు, నీతికథ పుట్టుక యదియే యనియు ఆయన తన గ్రంథమున చెప్పుకొన్నాడు. ఆ కథలకై తైబీరియసు చక్రవర్తి మంత్రియగు సెజానసు ఆయనపై నేరము మోపించెనట. కప్పలు తమకొక రాజు కావలెనని దేవుని వేడగా మొదట దూలము పడినదనియు, అది కదలలేదని మరల వేడగా కప్పలను మ్రింగు జంతువు రాజై వచ్చినదనియు చెప్పు కథను అందరు నెరుగుదురు. ఏథెన్సు నగరమును పిసిస్ట్రాటసు తన వశము గావించుకొన్న దినములలో ఈసపు దానిని చెప్పెనని ఫీడ్రసు వ్రాసెను. కప్పల పేరు పెట్టిన గాని చెప్పనలవికాని మాట యది.

ఇక మిత్రభేదమునకు వత్తము. పింగళకుడను సింహము దాహమై యమునాతీరమునకు బోయి, ఎన్నడును విననట్టి ఱంకెను విని, నీరు త్రాగకయే వెనుకకు మరలినది. అడవి కంతటికి ప్రభువు. లోన మాత్రము బెదరు. పైకి చెప్పిన పరువు పోవును, చెప్పకున్న దాహము తీరదు. ఈ భయమును దమనకుడను నక్క కనిపెట్టెను. అతడును అతని తోడివాడు కరటకుడును మంత్రిపుత్రులు. కొలువు పోగొట్టుకొని మరల చేరుటకు దారి చూచుచున్నవారు. రాజు భయమే దమనకునకు దారి యైనది. ఆ ఱంకె వేసినది బండి లాగలేక అడవిలో విడువబడిన సంజీవకుడను ఎద్దని తెలిసికొని, దానిని దెచ్చి రాజునకు స్నేహితుని గావించెను. పిదప ఆ స్నేహము తనకే యడ్డుకాగా, ఎద్దునకు సింహముపై, సింహమునకు ఎద్దుపై అనుమానము పుట్టించి, తుదకు ఎద్దును చంపించెను. అధికారమున నున్నవాని రహస్యభయ మెవనికి తెలియునో వాడే యథార్థమున అధికారి యగునని యీ కథ సారము.

దమనకునకు ఎద్దుపై కంటకించుటకు కారణమేమి? హితోపదేశమున చెప్పిన కారణము మన మనసునకు చప్పున నాటునది. రాజు సోదరుడు స్తబ్ధకర్ణుడు చుట్టపుచూపుగా వచ్చెను. విందునకై రాజు వేటకు బయలుదేరగా సంజీవకుడు నేడు చంపిన లేళ్ల మాంసమెక్కడ నున్నదని యడిగెను. కరటక దమనకుల కెఱుక యని రాజు చెప్పెను. ఉన్నదో లేదో కనుగొనవలదా యని ఎద్దనగా రాజు నవ్వి లేదనెను. అంత మాంసమును ఇద్దరే యెట్లు తినిరని యడుగగా, కొంత తిందురు, కొంత పంచిపెట్టుదురు, కొంత పారవేయుదురు, నిత్యము జరుగుచున్న తీరే యిది యని సెలవిచ్చెను. తనకు తెలియకయే జరుగుచున్నదని కూడ ఒప్పుకొనెను. అప్పుడు స్తబ్ధకర్ణుడు, సంధివిగ్రహములు చూచువారి చేతిలో బొక్కసము నుంచరాదనియు, గడ్డిమేయు సంజీవకుని మాంసపు కొట్టునకు అధికారిగా నియమింపవలసినదనియు హితవు చెప్పెను. రాజట్లే చేసెను. ఎద్దునకు చావు మూడినది ఆనాడే.

సోదరీమణులారా, ఆ రాజు నవ్వును ఒక్కసారి తలచి చూడుడు. దొంగిలించినవారికంటె ఆ నవ్వే మమ్ము భయపెట్టును. లెక్క తప్పుచున్నదని యజమానికి తెలియును. అడుగుటకు బద్ధకము, లేదా మొగమోటము. లంచము, మ్రుచ్చిలింత మొదలగు దోషములన్నియు ఆ నవ్వు నీడనే పెరుగును. మాంసపు కొట్టునకు గడ్డి తినువానిని కాపు పెట్టుమన్న యుక్తి యెంత చక్కనిది! ఆ వస్తువుపై ఆశ లేనివానికే దాని తాళ మీయవలయును. ఎన్ని శాసనములు చేసినను ఇంతకు మించి చెప్పగలది లేదు. కాని కథకు డంతటితో నూరకుండలేదు. లెక్క యడిగిన వానిని లెక్క చెప్పనొల్లనివారు బ్రతుకనీయరనియు చెప్పి ముగించెను.

పంచతంత్రమున దమనకునకు శిక్ష లేదు. ఎద్దు చచ్చెను, నక్క మంత్రి యయ్యెను, కథ ముగిసెను. ఇది చదివి కలత చెందినవారము మన మొక్కరమే కాము. పారసీక ప్రభువగు ఖుస్రూ అనుషిర్వాను కాలమున, అనగా 6వ శతాబ్దమున, బుర్జోయ అను వైద్యుడు ఈ కథలను పహ్లవీ భాషలోనికి మార్చెను. 8వ శతాబ్దమున ఇబ్న్ అల్ ముకఫ్ఫా అనునాయన వానిని అరబ్బీ భాషలో వ్రాసెను. కరటక దమనకులే అచట కలీల, దిమ్న లైరి. ఆ అరబ్బీ గ్రంథమున దిమ్నను న్యాయస్థానమునకు దెచ్చి విచారించు ఒక ప్రకరణము అదనముగా నున్నది. ఆ విచారణకు పట్టుబట్టినది సింహము తల్లి. నక్క లిద్దరును మాటలాడుకొనగా విన్న చిఱుతపులి ఆమెకే వచ్చి చెప్పెను. కొడుకు పశ్చాత్తాపముతో క్రుంగుచుండగా ఆమె ఊరకుండక, నిజము తేల్చుమని హెచ్చరించెను. తుదకు దిమ్నకు మరణదండన కలిగెను. ఎద్దు మరల బ్రతుకలేదు గాని, నేరమునకు పేరు పెట్టబడినది.

ఇంతకంటె ప్రాచీనమగు ఒక తల్లి కథ మన భారతమున శాంతిపర్వమునందే యున్నది. అంపశయ్యపై నున్న భీష్ముడు ధర్మరాజునకు దానిని చెప్పెను. శ్మశానమున నివసించుచు, మాంసము ముట్టక, శుచియై బ్రతుకుచున్న ఒక నక్క కలదు. దాని నడవడిని విని పులిరాజు తన మంత్రిగా నుండుమని పిలిచెను. నక్క వెంటనే యొప్పుకొనలేదు. నీ పాత కొలువువారు నన్ను సహింపరు, ఏకాంతముననే నాతో ఆలోచింపుము, కోపమున నన్నుగాని నావారినిగాని దండింపకుము అని మాట తీసికొని చేరెను. పాత కొలువువారు మొదట ధన మాశపెట్టి చూచిరి. నక్క లొంగలేదు. అంతట వారు పులికై సిద్ధపఱచిన మాంసమును దొంగిలించి నక్క యింట దాచిరి. ఆకలిగొని లేచిన పులి మాంసము కానక మండిపడి, దొంగ యెవరని యడిగెను. పండితుడని నీవు మెచ్చుకొన్న మంత్రియే యని వారు చెప్పిరి. మాంసము మంత్రి యింటనే దొరకెను. పులి వధింపుడని యాజ్ఞ యిచ్చెను.

అప్పుడు పులి తల్లి వచ్చెను. ఆమె చెప్పిన హేతువులు ఏ న్యాయవాదియు చెప్పదగినవి. నీతిపరుని చూచి నీతిలేనివాడు ఓర్వలేడు, ఇది మొదటిది. ఇచ్చినను మాంసము వలదనువాడు ఎవరును లేని యింట జొరబడి దొంగిలించునా? ఇది రెండవది. కంటికి కనబడినదెల్ల నిజము కాదు, మిణుగురు నిప్పువలె కనబడినంతమాత్రమున నిప్పగునా? ఇది మూడవది. సొత్తు దొరకిన చోటనే దొంగ యుండునని తీర్పు చెప్పరాదు, అచటికి దాని నెవరు చేర్చిరో విచారింపవలయునని ఆమె తాత్పర్యము. ఇంతలో ఆ కుట్రవారిలోనే ధర్మబుద్ధిగల యొకడు వచ్చి జరిగిన మోసమును బయటపెట్టెను. పులి సిగ్గుపడి మంత్రిని కౌగిలించుకొని యాదరించెను. కాని నక్క యుండలేదు. ఒకసారి సభలో గౌరవించి, పిదప అవమానించిన ప్రభువునకు తనపై నమ్మకము నిలువదు, ఆ ప్రభువుపై తనకును నిలువదని చెప్పి, సెలవు తీసికొని వెడలిపోయి ప్రాయోపవేశము చేసి తనువు చాలించెను.

ఈ కథ యెంత నిజమో మేము కన్నులార చూచితిమి. మావారు కొన్నాళ్లు పనిచేసిన యొక బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనము వండుటకు ఒక నడివయసు ఆమె యుండెను. ఒక మాసమున బియ్యము తక్కువ వచ్చినవి. వంటయింటి తాళము ఆమెయొద్ద నున్నది గనుక దొంగ యామెయే యని పెద్దలు తేల్చిరి. ఆమె యింట వెదకగా అరసంచి బియ్యము కనబడినవి. అవి తన చవుకధరల దుకాణపు బియ్యమని ఆమె చెప్పినను వినువారు లేకపోయిరి. సాయంకాలము మావారు ఈ సంగతి చెప్పగా మా అత్తగారు ఒక్క మాట యడిగిరి: “నాయనా, ఆ బస్తాలు బండి దిగినప్పుడు తూచినవారెవరు?” తూచినవారు లేరు. సంచిపై వ్రాసిన తూకమునే పుస్తకమున వ్రాసికొనిరి. మరునాడు మావారు పట్టుబట్టి విప్పని బస్తాలను తూపించిరి. కుట్టు విప్పని బస్తాలలోనే కొఱత యుండెను. ఆమెపై నింద తొలగినది. మరల పనికి రమ్మని కబురు వెళ్లినది. ఆమె రాలేదు. పొలముపనికి బోవుచున్నదని విన్నాము. మేము వెళ్లి పలుకరింపగా, “తప్పు లేదన్నారు గానీ అమ్మా, నా యిల్లు వెదకిరి గదా,” అనెను. ఆ మాటకు బదులు మాకు తోచలేదు. శాంతిపర్వపు నక్క యేల వెడలిపోయెనో మాకు ఆనాడే బాగుగా తెలిసినది.

సంస్కృత కథలలో అధికారపు తీపి మరి రెండు విధముల కనబడును. నీలిమందు తొట్టిలో పడి రంగు మారిన నక్క తానొక అపూర్వ ప్రాణినని నమ్మించి అడవికి రాజై, సింహమును పులిని కొలువులో బెట్టుకొని, తన పుట్టుకను ఎఱిగిన నక్కలను మాత్రము తఱిమివేసెను. ఒకనాడు దూరమున నక్కల కూత వినగానే తానును పులకించి కూసెను. గుట్టు బయటపడి చచ్చెను. క్రొత్తగా పదవి వచ్చినవాడు ముందుగా దూరము చేసికొనునది తన పాత సంగతి తెలిసినవారినే. రెండవది గంగదత్తుడను కప్పరాజు కథ. దాయాదులపై కక్షతో నాతడు నూతిలోనికి ఒక పామును పిలుచుకొని వచ్చెను. పాము దాయాదులను తినెను; తరువాత మిగిలినవారిని తినెను; గంగదత్తుని కొడుకును కూడ తినెను. అతడు గోలుగోలున ఏడ్చుచుండగా భార్య, స్వజనమును చేజేతుల చంపించి ఇప్పుడేడ్చిన నేమి ఫలము, ఇకనైన బయటపడు నుపాయమో దీని జంపు నుపాయమో చూడుమని గట్టిగా మందలించెను. ఆ నూతిలో మతి నిలిచినది ఆమె కొక్కతెకే.

ఈ కథల జాతి నేటికిని అంతరింపలేదు. మన బీహారులోని మోతీహారి యందు 1903వ సంవత్సరమున జన్మించిన జార్జి ఆర్వెల్లు అను నాంగ్లేయ రచయిత ‘ఆనిమల్ ఫారము’ అను చిన్న గ్రంథమును వ్రాసెను. రష్యాదేశపు విప్లవము, పిదప స్టాలిను పాలన అందలి లక్ష్యములు. అప్పటి యుద్ధమున రష్యా ఇంగ్లండునకు మిత్రదేశము గనుక కొందరు ప్రకాశకులు ముద్రింప నిరాకరించిరి. తుదకు 1945 ఆగస్టులో వెలువడినది. ఒక పొలములోని పశువులు త్రాగుబోతు యజమానిని తఱిమివేసి, ఇక అందరును సమానులే యని యేడు కట్టడులు గోడపై వ్రాసికొనును. ఆ దినముననే ఆవుల పాలు పితికిరి. ముందు కోతకు పొండు, పాల సంగతి తరువాత చూతమని పందుల నాయకుడు చెప్పెను. అందరును పొలమునుండి తిరిగివచ్చుసరికి పాలు లేవు.

రాజ్యము చెడినది ఆ పాలకుండల కడనే. తరువాత వచ్చిన కుక్కల కాపలా, నెత్తురు, ఆకలి అన్నియు దాని పిల్లలు. పాలును, చెట్టుక్రింద రాలిన ఆపిలుపండ్లును పందులే తినుచున్నవని తెలిసినప్పుడు, మాటకారియగు నొక పంది వచ్చి, ఇది మా రుచికి గాదు, మీకై ఆలోచించు మా బుద్ధి చెడకుండుటకు, మేము బలహీనులమైనచో పాత యజమాని తిరిగివచ్చును సుమా యని బెదరించెను. అందరును నమ్మిరి. లెక్క చెప్పవలసినవాడు లెక్కకు మారుగా భయమును చూపును.

ఆ గ్రంథమున మాకు మరపురానిది క్లోవరు అను ముసలి ఆడుగుఱ్ఱము. మంచి మనసు, తల్లివంటిది. ఆమె అక్షరములు నేర్చినది గాని కూడబలుకుకొని చదువలేదు. పందులు యజమాని పఱుపులపై పండుకొనుచున్నవని విని, ఇది కట్టడికి విరుద్ధము గదా యని ఆమెకు జ్ఞప్తి వచ్చును. గోడ కడకు బోవును, చదువలేదు. మేకను పిలిచి చదివించుకొనును. కట్టడిలో అదివరకు లేని మాట లొకటి రెండు చేరియుండును. వ్రాసియున్నది గనుక తన జ్ఞాపకమే తప్పేమో యని ఆమె యూరకుండును. రాత్రివేళ గోడపై మాటలు మార్చుచున్నవారు కలరని ఆమెకు తట్టదు. చదువవచ్చిన గాడిద కలదు గాని, నాకేలయని నోరు మెదపదు. చదువురాని మంచితనమును, మాటలాడని చదువును కలిసి దుర్మార్గుని పని సుళువు చేయునని ఆర్వెల్లు చూపెను. స్త్రీకి చదువేల యనువారు ఇంకను ఎచ్చటనైన మిగిలియున్నచో వారికి మే మీ గుఱ్ఱమును చూపుదుము.

ఈ కథలలో దోషములు లేవని మే మనము. పంచతంత్రమున స్త్రీలను వంచకురాండ్రనుగా చిత్రించిన కథలు పెక్కు కలవు; వానిని చదువునప్పుడు మన మనసు నొచ్చును. నక్క యెల్లప్పుడు జిత్తులమారి యనుటయు జాతిని బట్టి గుణమును నిర్ణయించు దోషమే. శాంతిపర్వపు నక్క దానిని ఖండించుచున్నది. దమనకుని యుక్తిని చూచి పిల్లలు కపటమునే నేర్తురను భయము కూడ కొందరికి కలదు. దీనికి మందు కథను మానుట కాదు. కథను అర్ధాంతరముగా నాపకుండుట. నక్క గెలిచినదని చెప్పి దీపమార్పక, ఎద్దు చేసిన తప్పేమి, సింహ మెవరిని అడుగవలసియుండెను, మాంసపు లెక్క వ్రాసినవారెవరు అని పిల్లలను ప్రశ్నింపవలయును. మా పిల్లల నట్లడుగగా పెద్దవాడు సింహముదే తప్పనియు, చిన్నది నవ్విన సింహముతో తాను మాటలాడననియు చెప్పినవి. రాజనీతికి అంతకంటె మంచి యారంభ ముండదు.

నేడు మనదేశమున రాజులు లేరు. ఓటు మన చేతనున్నది. గ్రామసభలో కూర్చుండి యడుగు హక్కు మనకున్నది. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము వలన కాగితము చూపుమని కోరు హక్కును కలదు. పింగళకుని యడవిలో సంజీవకు డొక్కడే యడిగెను గనుక వాని నొక్కనిని చంపుట సులభమైనది. పదిమంది యడిగినచో దమనకుడు ఎందరిపై చాడీలు చెప్పగలడు? బియ్యపు బస్తా దిగినప్పుడు తూచినవారెవరని, పితికిన పాలేమైనవని, గోడపై మాట మార్చిన దెవరని అడుగుటకు గొప్ప పాండిత్యము అక్కఱలేదు. దినదినము ఇంట అడుగుచున్న ప్రశ్ననే వీథిలోనికి దెచ్చి యడుగవలయును. అడుగుటకు ముందు ఒకరి యిల్లు వెదకవలదు. ఒకసారి విరిగిన మనసు బియ్యపు బస్తావలె మరల తూచి సరిచేయునది గాదు.